హారన్ మీద చెయ్యి

లండన్‌లో నవంబరు వాన
పైనించి పడదు, పక్కనించి వస్తుంది.
వైట్‌హాల్ మొగదల మూడు వందల ట్రాక్టర్లు
ఇంజన్లు గురగురలాడిస్తూ నిలబడ్డాయి.
మా జిల్లా నించి పన్నెండు మంది పోలీసుల్ని
సాయానికి పంపారు. అందులో నేనొకణ్ణి.
ప్లాస్టిక్ కవరులో నా చేతికొక కాగితం:
ఈ గీత దాటరాదు.
పదకొండు తర్వాత హారన్ కొట్టరాదు.
చదివి వినిపించడం నా పని.

మూడో వరసలో ఐదోది మా ట్రాక్టరు.
కుడి మడ్‌గార్డు మీది సొట్ట నాదే.
పన్నెండేళ్ళప్పుడు గేటుకి గుద్దాను.
నాన్న నన్ను తిట్టలేదు, గేటుని తిట్టాడు.
స్టీరింగ్ ముందు మా అన్న ఐవర్.
నన్ను చూశాడు,
చూడనట్టు అద్దం తుడుచుకున్నాడు.

మా పొలం పేరు బ్రిన్‌హెలిగ్.
విల్లో చెట్ల గుట్ట అని అర్థం.
గుట్ట ఉంది. చెట్లు ముత్తాత రోజుల్లోనే పోయాయి.
పేరు నిజమే చెప్పాలని రూలేం లేదు కదా.

మొన్న ఆదివారం
రొట్టెకి వెన్న రాస్తూ అడిగాడు నాన్న,
సంతలో గొర్రె ధర అడిగినంత మామూలుగా:
"ఏప్రిల్ లోపు నేను పోతే
మీకు కలిసొస్తుందా?"
వదిన కెటిల్ దించి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.
"అలాంటిదేం లేదు నాన్నా" అన్నాను.
లెక్క నాకు తెలుసు.
ముందురోజు రాత్రే వేశాను, కరెంటు బిల్లు వెనక.

ఎన్నికలప్పుడు ఒకాయన మా గొర్రెల కొట్టంలోకొచ్చాడు.
కొత్త రబ్బరు బూట్లు, అడుగున ధర చీటీ అలాగే ఉంది.
రెండ్రోజుల పిల్లని ఎత్తుకుని
ఫొటోలో మా అందరికంటే బాగా నవ్వాడు.
"మీ భూముల జోలికి రాం."
గెలిచాక అడిగితే
"రామని కాదు,
వచ్చే ఆలోచన లేదన్నాను" అన్నాడు.
ఆలోచన ఎప్పుడొచ్చింది సార్,
ఓట్లు లెక్కపెడుతుంటేనా?
ఆ రోజు కొట్టంలో
ఉన్నమాట ఉన్నట్టు బయటపెట్టింది
ఆయన కోటు మీద పోసిన గొర్రెపిల్లొక్కటే.

కానీ నిజం అడిగే నోటితో
నేనూ మొత్తం చెప్పాలి.
మా పై కొండ మీద మూడు పొలాలు కొన్న మనిషిని
మేమెవరం చూళ్ళేదు.
సొమ్ము దాచడానికి మట్టిని మించిన పెట్టె లేదని
ఎవరో చెప్పారట అతనికి.
"వాడి దగ్గర వసూలు చెయ్యండి" అంటాడు ఐవర్ పబ్బులో,
"వాడికి వేసిన వలలో మేం పడ్డాం."
ఒప్పుకుంటాను.

ఇంకొంచెం ఉంది.
పొలం ముక్కలు కాకూడదని మొత్తం పెద్దవాడికే.
నాకు తాత చేతి గడియారం, ఒక కుక్క.
కుక్క పోయింది.
గడియారం ఎప్పుడూ నాలుగు నిమిషాలు వెనకే.
చేపల వేపుళ్ళ కొట్టు పైన రెండు అద్దె గదులు నావి.
నా జీతంలో పన్ను నెలనెలా పోతుంది,
నేను చచ్చేదాకా ఆగదు.
తుంటి ఆపరేషన్‌కి అమ్మ పద్నాలుగు నెలలుగా వరసలో ఉంది.
ఆ ఆసుపత్రి కప్పు కారుతుంది,
కింద నీలం బకెట్లు.
ఆ కప్పు ఎవరి డబ్బుతో వెయ్యాలని
మా ఇంట్లో ఎవరం అడగలేదు.
వెన్న గిన్నె పక్కన
ఆ ప్రశ్నకి చోటు దొరకలేదు.

సార్జెంటు వేలు చూపించాడు: మూడో వరస.
మా ఇద్దరి ఇంటిపేరూ ఒకటేనని ఆయనకి తెలీదు,
తెలిసినా
వేల్స్‌లో అందరూ ప్రోబర్ట్‌లే అనుకుంటాడు.

మెట్టెక్కి కిటికీ తట్టాను.
లోపల డీజిలు వాసన, తడిసిన ఉన్ని వాసన,
మా వంటింటి వాసన.
కాగితం చదివాను. గొంతు నాదిలా లేదు.
"ఈ గీత ఎవరు గీశారు?" అన్నాడు ఐవర్.
"నాకు తెలీదు."
ఈ వారంలో నేను వాడితో చెప్పిన
మొదటి నిజం అది.

దూరంగా పెద్ద గంట పదకొండు కొట్టడం మొదలెట్టింది.
చేతి మీది వాన తుడిచి చూసుకున్నాను.
నాకు వారసత్వంగా వచ్చిన ఒకే ఒక్క ఆస్తి,
దాని మీద ఏ ప్రభుత్వమూ పన్ను వెయ్యలేదు.
"నా గడియారంలో
ఇంకా నాలుగు నిమిషాలుంది" అన్నాను.

దీన్ని అబద్ధాల్లో వేస్తారో, దేన్లో వేస్తారో.

ఐవర్ నా మొహంలోకి చూశాడు.
హారన్ మీద చెయ్యి వేశాడు.